మకుటమున నిలిచిన క్షమాపణ : వేమన యోగి చరిత్ర

తెలుగుదేశమున పలక పట్టిన ప్రతి బాలుడును మొదట నేర్చు పద్యములలో వేమన పద్యమొకటి తప్పక యుండును. ఆటవెలది నాలుగవ పాదమునకు వచ్చునప్పటికి ఆ బాలుని నోట విశ్వదాభిరామ అను మాట వెలువడును. తరతరములుగా కోట్లమంది నాలుకలపై ఆడిన ఆ మకుటములో వేమన పేరుకంటె ముందుగా వేరొకరి పేరున్నదని పెద్దలు చెప్పుదురు. ఆ పేరు అభిరామయ్యది. అతడు బంగారుపని చేసి బ్రతుకు ఒక సామాన్యుడైన కంసాలి. వేమన అతనికొక అన్యాయము చేసెననియు, దానికి క్షమాపణగా అతని పేరును తన పద్యములందు శాశ్వతముగా నిలిపెననియు జనశ్రుతి. వేమన చరిత్రమునందు ఘట్టములనేకము లున్నను, ఆయన హృదయమును మనకు చూపుటకు ఈ ఒక్కటి చాలును.

కాలము, స్థలము

వేమన కాలమును గూర్చి పండితులలో ఏకాభిప్రాయము లేదు. 15వ శతాబ్దివాడని కొందరును, 17వ శతాబ్దివాడని మరికొందరును వాదించిరి. ఆయనను కొండవీటి రెడ్డిరాజుల వంశముతో ముడిపెట్టు కథయు గలదు. ఆయన దేహము చాలించిన స్థలము మాత్రము కదిరి ప్రాంతమునందలి కటారుపల్లి యని లోకము నమ్ముచున్నది. అచ్చట ఆయన సమాధి కలదు. ఆ గ్రామము చిరకాలము అనంతపురము జిల్లాలో నుండి, 2022వ సంవత్సరమున జరిగిన జిల్లాల పునర్విభజనతో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది.

ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొను ఈ మెట్టసీమలో యాడికి మొదలు కదిరి వరకు వేమన ఊరివారికి బంధువువంటివాడు. పొలముగట్టున తగవు వచ్చినను, పంక్తిలో వడ్డనవద్ద మాట వచ్చినను ఆయన పద్యమే తీర్పుగా వినిపించును. యాడికికి సమీపముననున్న తాడిపత్రిలో జన్మించిన కె.వి. రెడ్డి గారు దర్శకత్వము వహించిన యోగి వేమన చలనచిత్రము 1947లో వెలువడెను. అందు చిత్తూరు నాగయ్యగారు వేమనగా నటించిరి. ఆ చిత్రమువలన అభిరామయ్య పేరు చదువురాని వారికిని పరిచితమైనది.

శాసనములు చెప్పని ఈ యోగి జీవితమును జనుల నాలుకలే కాపాడినవి. ఇందు చెప్పబడునదియు పరంపరగా వచ్చిన ఆ కథయే.

వదినగారి తీర్పు

వేమన సంపన్నమైన రెడ్డి కుటుంబమున జన్మించెను. అన్నగారి చాటున లోటెరుగక పెరిగెను. యౌవనము రాగానే ఒక వేశ్య మోహమున చిక్కి, ఇంటి ధనమును ఆమె పాదములకడ పోయసాగెను. అన్న మందలించెను, బంధువులు ఏవగించుకొనిరి. వదినగారొక్కతె అతనిని బిడ్డగా చూచుట మానలేదు.

వేశ్య కోరికలకు అంతు లేకపోయెను. తుదకు ఆమె దృష్టి వదినగారి నగలపై పడెను. వేమన సిగ్గు విడిచి వదిన యెదుట చేయి చాచెను. ఆమె ఒక్కొక్క నగయే యిచ్చెను. ముక్కున ధరించిన ఆభరణమును సైతము అతడు అడిగినపుడు ఆమె కోపింపక, దానిని తీసి అతని చేత నుంచెను. కాని ఒక నియమము పెట్టెను. ఈ నగ నిచ్చుటకు ముందు ఆ స్త్రీ దేహమును మోహము లేని కన్నులతో ఒక్కమారు చూడవలెనని మాత్రమే ఆమె కోరెను. వేమన ఆ మాట నిలుపుకొనెను. అంతవరకు మోహమున కప్పబడిన కన్నులు ఆ క్షణమున తెరువబడెను. ఏ శరీరముకొరకు తల్లివంటి వదినను దోచుకొనెనో ఆ శరీరము ఎముకలు, మాంసము, చర్మముల కూర్పేయని తోచెను. సిగ్గుతో తల వంచి యింటికి మరలెను.

ఇచ్చట గమనింపదగిన విషయమొకటి కలదు. వదినగారు అతనిని శపింపలేదు, ఇల్లు వెడలగొట్టలేదు, నరకమును వర్ణించి భయపెట్టలేదు. తన దోషమును తానే చూడగలుగునట్లు చేసెను. దోషిని శిక్షించుట యెవరికైనను సాధ్యమే. అతనికి కన్నులిచ్చుట ప్రేమగలవారికే సాధ్యము.

కన్నడదేశమున ఈ వదినగారిని హేమరెడ్డి మల్లమ్మగా కొలుచుచున్నారు. ఆమె శ్రీశైల మల్లికార్జునుని భక్తురాలు. అత్తింట ఆమె పడిన కష్టములు కన్నడసీమలోని లింగాయతుల యిండ్లలో నేటికిని కథలుగా చెప్పుకొనుచున్నారు. మల్లికార్జునుడు ప్రత్యక్షమై వరము కోరుకొమ్మనగా ఆమె తనకొరకు ఏమియు కోరక, రెడ్డికులమునకు సిరి తరగకుండునట్లు వరము కోరెనట. తన్ను బాధించిన యింటికే ఆమె సిరిని కోరినది. అట్టి యిల్లాలి నీడన పెరిగినవానికి క్షమ యన నేమో పుస్తకము చెప్పనక్కరలేదు. అయినను క్షమను పొందుట వేరు, దానిని యాచింపవలసి వచ్చుట వేరు. ఆ రెండవ పాఠము వేమన ఇంకను నేర్వవలసి యుండెను.

అభిరామయ్యకు చేసిన అన్యాయము

విరక్తి కలిగిన పిమ్మట వేమన అభిరామయ్యతో స్నేహము చేసెను. అభిరామయ్య ప్రతిదినము పనికి ఆలస్యముగా వచ్చుచుండుట గమనించి, ఒకనాడు రహస్యముగా వెంబడించెను. అభిరామయ్య ఊరి వెలుపల తపస్సు చేసికొనుచున్న లంబికా శివయోగికి పరిచర్య చేయుచుండెను. ఎంతో కాలముగా సాగిన ఆ సేవకు ఫలము లభించు దినము సమీపించినది. మరునాడు ఉదయమున రావలసినదిగాను, బీజాక్షరములను ఉపదేశింతుననియు శివయోగి అభిరామయ్యకు చెప్పుట వేమన చాటుననుండి వినెను.

ఆ రాత్రి వేమన మనస్సున దురాశ పుట్టెను. ధనముమీది ఆశ చచ్చినను జ్ఞానముమీది ఆశ మిగిలియుండెను. అది మంచి ఆశయే. కాని దాని కొరకు అతడు త్రొక్కిన దారి దొంగదారి. మరునాడు అభిరామయ్యను ఇంట నగల పనికి నిలిపివేయునట్లు వేమన ఏర్పాటు చేసెను. రాచపని విడిచి పోలేక అభిరామయ్య లోలోపల కుమిలిపోవుచుండగా, వేమన శివయోగి సన్నిధికి పోయెను. ఏండ్లకొలది పరిచర్య చేసినవానికి దక్కవలసిన ఉపదేశము ఒక్కదినమైన సేవచేయనివాని నాలుకపై లిఖింపబడెను.

జ్ఞానము కలిగిన క్షణముననే వేమనకు తన దోషమును తెలియవచ్చెను. వేశ్యకు దోచిపెట్టినది తన యింటి ధనము. ఇప్పుడు దోచినది పరుని జీవితఫలము. ధనమైనచో మరల సంపాదించి యీయవచ్చును. నాలుకపై వ్రాయబడిన అక్షరమును తీసి యెవరికి ఈయగలడు? పని ముగించుకొని పరుగున వచ్చిన అభిరామయ్యకు సర్వము తెలిసినది. సువర్ణమును జీవితమంతయు తూచినవానికి ఆ నష్టము తూకమునకు అందలేదు.

వేమన ఆతని పాదములపై పడెను. రెడ్డియింటి బిడ్డ కంసాలి కాళ్ళు పట్టుకొనుట ఆనాటి లోకమునకు వింత. తాను చేసినది దాచలేదు. గురుని కృపయని సమర్థించుకొనలేదు. తన నోట ఇకమీదట వెలువడు పద్యములలో అభిరామయ్య పేరు నిలుపుదునని మాట యిచ్చెను. అభిరామయ్య క్షమించెను. దోచుకొన్న నాలుకయే దోచుకోబడినవాని పేరును జీవితాంతము పలుకుచుండెను.

మకుటమును మరియొక విధముగా, విశ్వమునకు ఆనందము నిచ్చువాడని పరమేశ్వరపరముగా అన్వయించు పండితులును గలరు. ఆ అర్థమును త్రోసివేయవలసిన పని లేదు. దేవుని పిలుచు మాటలోనే తాను బాధించిన మనుజుని పేరును వినగలిగిన జనుల హృదయము కూడ పండితుల వ్యాఖ్యవలెనే విలువైనది.

ప్రాచీన సాహిత్యమున దోషము, దండన

మనుజుడు చేసిన తప్పునకు తీర్పరి యెవరు, క్షమ యెక్కడ దొరకును అను ప్రశ్న మన సాహిత్యమునకు క్రొత్తది కాదు. ఆదిపర్వమునందలి మాండవ్యుని కథ అందరెరిగినదే. మౌనముగా తపస్సు చేసికొనుచున్న ఆ మునిని దొంగలతో చేరినవాడని భ్రమించి రాజభటులు కొఱ్ఱున వేసిరి. ఆయన యమధర్మరాజును కారణమడుగగా, బాల్యమున పురుగులను పొడిచి హింసించిన ఫలమని యముడు చెప్పెను. తెలియనివయసున చేసినదానికి ఇంత దండన ధర్మము కాదని మాండవ్యుడు కోపించి యమునికే శాపమిచ్చెను. ఆ శాపఫలముననే యముడు విదురుడై పుట్టెను. పదునాలుగేండ్లు నిండనివారికి పాపము లేదను కట్టుబాటును ఆ ముని చేసెను. అనగా దండించు దైవమునకును న్యాయము తప్పరాదని మన కవులు ఆనాడే చెప్పిరి.

ధర్మరాజు కథ యింకను బాధాకరము. యుద్ధము ముగిసిన పిమ్మట కర్ణుడు తన యన్నయని తల్లి నోట విని ఆయన కూలిపోయెను. భీష్ముడు ఎన్నియో ధర్మములు చెప్పెను. అశ్వమేధము కూడ జరిగెను. కాని ఎవరిని క్షమాపణ అడుగవలెనో ఆ యన్న రణభూమిలోనే మిగిలిపోయెను. ఆలస్యమైన పశ్చాత్తాపమునకు వినువాడుండడు.

భాగవతము షష్ఠస్కంధమునందు అజామిళుడు జీవితమంతయు చెడ్డగా గడపి, మరణకాలమున భయముతో తన కుమారుని నారాయణ నామముతో పిలిచెను. ఆ నామమే యమభటులనుండి అతనిని విడిపించెను. ఏర్చూరి సింగన తెనిగించిన ఆ కథ దైవకృపకు ఎల్ల లేదని చాటుచున్నది. అజామిళుని దైవనామము రక్షించినది. వేమనయో, తాను బాధించిన మనుజుని నామమును పట్టుకొనెను. ఈ భేదము చిన్నది కాదు.

బసవ మార్గము

దోషమునకు విరుగుడు బాధింపబడినవాని గడపకడనే యున్నదని పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రచించిన బసవపురాణము పెక్కు కథలతో చెప్పినది. ఈ తెలుగు పురాణమునే 1369లో భీమకవి కన్నడమున రచించెను.

అందు కిన్నర బ్రహ్మయ్య కథ కలదు. ఒకనాడు బసవేశ్వరులు ఉల్లిగడ్డ వాసనను నిందించి మాటలాడిరి. ఆ ఉల్లి భక్తుడైన బ్రహ్మయ్య వంటకములోనిది. శివార్పితము కావలసిన పదార్థమునకు అవమానము జరిగినదని ఆయన మనసు నొచ్చుకొని వెడలిపోయెను. బసవేశ్వరులు బిజ్జలుని కొలువున మంత్రిపదవిలో నున్నవారు. బ్రహ్మయ్య కిన్నెర వాయించి బ్రతుకు భక్తుడు. అయినను తప్పు తనదేయని తెలిసిన క్షణమున మంత్రి తన పదవిని మరచెను. ఏ ఉల్లిని తాను నిందించెనో దానికే ఉత్సవము చేయించి, బ్రహ్మయ్యను ప్రార్థించి తోడితెచ్చుకొనెను. తప్పు మాటతో జరిగినది. దిద్దుబాటు లోకమంతయు చూచునట్లు చేతతో జరిగినది.

వంకాయలను లింగములవలె మూటగట్టి మెడలో వ్రేలాడగట్టుకొని జంగమ వేషమున వచ్చిన దొంగల కథయు అందే గలదు. బసవేశ్వరులు వారిని అనుమానింపక పూజించిరి. ఆ విశ్వాసమునకు వంకాయలు లింగములాయెను, దొంగలు భక్తులైరి. ఐనను బసవపురాణము దండన లేదని చెప్పదు. భక్తుల కన్నులు పెరికించిన బిజ్జలుడు పశ్చాత్తాపపడలేదు. అతని అంతము ఘోరముగా జరిగెను. దైవము తీర్పు చెప్పకముందే మనుజుడు తన తీర్పు తాను చెప్పుకొనుటకు వ్యవధి ఉండును. బసవేశ్వరులు ఆ వ్యవధిని వాడుకొనిరి. బిజ్జలుడు పోగొట్టుకొనెను.

వేమనకు ఉపదేశమిచ్చినవాడు శివయోగియే. వేమన వీరశైవుడాయని చర్చించినవారు కలరు. ఏ మతపు కట్టునకును లోబడలేదని చెప్పినవారును కలరు. ఆ వివాదమెట్లున్నను, అభిరామయ్య విషయమున ఆయన నడచిన దారి బసవేశ్వరులు కిన్నర బ్రహ్మయ్య విషయమున నడచిన దారియే.

యోగియైన వేమన

ఆ పిమ్మట వేమన ఇల్లు విడిచెను. దిగంబరియై గ్రామములు తిరిగెను. రచ్చకట్టపైనను, పొలములోను, సత్రపు అరుగుమీదను తోచిన పద్యము చెప్పి సాగిపోవుచుండెను. రాయి, ఉప్పు, కుక్క, గాడిద, చెప్పు, చింత, వేము మొదలగు నిత్యము కనబడు వస్తువులే ఆయనకు ఉపమానములు. మనసు శుద్ధి కాక నీట మునిగిన స్నానము, దయ లేక చేసిన పూజ, కులమును చూచి తోడి మనుజుని దూరమునుంచు ఆచారము, ఇవియన్నియు ఆయన పద్యములలో నిలదీయబడినవి. శివయోగమును కొనియాడిన పద్యములున్నట్లే, లింగమును ధరించియు దొంగబుద్ధి మానని వారిని తెగడిన పద్యములును గలవు. ఆ పద్యములను దాచుట వేమనకు గౌరవము కాదు. అవి మన మేలుకోరి చెప్పినవే.

ఇంత కఠినముగా లోకమును తూర్పారబట్టిన మాటలను ప్రజలు ఎట్లు సహించిరి? కారణము మకుటమున నున్నది. మొదటి మూడు పాదములలో లోకమును విమర్శించిన కవి నాలుగవ పాదమున తన దోషమును తలచుకొనుచున్నాడు. పిమ్మట వినుమని హెచ్చరించుచున్నదియు తన్నుతానే. ఇతరులకు తీర్పు చెప్పు ప్రతిసారియు ముద్దాయిల వరుసలో తానును నిలుచువాని మాటను లోకము చెవినిడును. తానుమాత్రము ఎత్తైన అరుగుపై కూర్చుండి తీర్పు చెప్పువానిని ఎవరును నూరేండ్లు గుర్తుంచుకొనరు.

తరువాతి ఖ్యాతి

పండితలోకము వేమనను చాలకాలము కవిగా అంగీకరింపలేదు. తాటియాకులపైనను, భిక్షుకుల నోటను బ్రతికియున్న ఆ పద్యములను చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర సేకరించి, ఆంగ్లానువాదముతో 1829లో 693 పద్యములను ప్రకటించెను. 1839లో పద్యముల సంఖ్య 1164కు పెరిగెను. జంగముల మతాచారములను, సాహిత్యమును గూర్చి 1840లో విపులమైన వ్యాసము వ్రాసినవాడును ఈ బ్రౌనే. అనంతపురము జిల్లాలోనే జన్మించిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు 1928లో ఆంధ్ర విశ్వవిద్యాలయము పక్షమున వేమనపై చేసిన ఉపన్యాసములు ఆయనకు పండితలోకమున స్థానము కల్పించినవి. నేడు జనవరి 19వ తేదీన కర్ణాటకమునందును, ఆంధ్రదేశమునందును వేమన జయంతి జరుపబడుచున్నది.

పుట్టిన యూరు నిర్ణయము కాకున్నను, పుట్టిన యేడు తేలకున్నను ఆయన కీర్తికి లోపము రాలేదు. కాని ఆ కీర్తిలో సగము ఆయన తనయొద్ద ఉంచుకొనలేదు. వేమన పేరున్నంత కాలము అభిరామయ్య పేరుండును. లోకమున ఋణము తీర్చినవారున్నారు. అప్పిచ్చినవానిని తనతోపాటు చిరంజీవిని చేసినవారు అరుదు.

మనకు మిగిలిన పాఠము

మన యిండ్లలో గట్టు జరిపికొన్న దాయాదులు గలరు. ఆస్తి పంపకమున చెల్లెలికి అన్యాయము చేసిన అన్నలు గలరు. కోడలిని మాటలతో కాల్చిన అత్తలును, వృద్ధురాలైన అత్తను మూలకు త్రోసిన కోడండ్రును గలరు. మఠములయందును ఒక భక్తుని మాటతో నొప్పించి, అతడు మరల గడప త్రొక్కకుండుట చూచియు ఊరకున్న సందర్భములు లేకపోలేదు. ఇట్టి దోషములు మనసున ముల్లువలె గ్రుచ్చుకొనినపుడు మనము శ్రీశైలమునకు పోవుదుము, అభిషేకము చేయింతుము, దాసోహమునకు బియ్యపు బస్తా పంపుదుము. ఇవి మంచి కార్యములే. కాని నొచ్చినవాని యిల్లు రెండు వీధుల అవతలనే యున్నపుడు ఆ రెండు వీధులు దాటక శ్రీశైలపు మెట్లెక్కినందున ఆ ముల్లు ఊడిరాదు.

వేమనకు గురూపదేశము లభించినది. బీజాక్షరములు నాలుకపై వెలసినవి. అయినను ఆయన మొదట నడచినది తపస్సునకు కాదు, అభిరామయ్య పాదములకడకు. పిదపనే యోగియైనాడు. ధర్మరాజునకు వలె ఆలస్యము కాకమున్నే, వినువాడు జీవించియుండగనే ఆ మాట చెప్పుకొనవలెను. బిడ్డలు వేమన పద్యము వల్లించునపుడు పెద్దలు నాలుగవ పాదమున ఒక్క నిమిషము ఆగి, తమ జీవితమున అభిరామయ్య యెవరో తలచుకొనుట మేలు. తలచుకొన్న నాటి సాయంకాలమే వాని గడపకు పోవుట అంతకంటె మేలు.